ఇక్కడే పుట్టారు కదా, ఇంకా టిబెట్ ఏమిటి?

పోయిన డిసెంబరులో మా బావగారూ నేనూ స్వెటర్లు కొనడానికి వెళ్ళాము. హైదరాబాదులో చలి మొదలయ్యే వేళకు ఏటా వెలిసే టిబెటన్ల దుకాణాల వరుస అది. పైన టార్పాలిను, ముందు బల్ల, తాడుకు వేలాడే జాకెట్లు, వాటి వెనక దలైలామా పటం, బేరాలు వద్దని చెప్పే "ఒకే ధర" అట్ట. సరుకు చాలావరకు లూధియానా నుంచి వస్తుందని తెలిసినా అందరూ వాటిని టిబెట్ స్వెటర్లనే అంటారు. నేను చాలా ఏళ్ళుగా ఒకే ఆవిడ దగ్గర కొంటున్నాను. ఆవిడను "అమలా" అంటాను; వాళ్ళ భాషలో అమ్మ అనే మాటకు మన "గారు" లాంటి "లా" చేరిస్తే అలా అవుతుంది. ఆవిడకు అరవై దాటాయి. తెలుగు అంకెలన్నీ వచ్చు, గీచి గీచి బేరమాడే వాళ్ళను మర్యాదగా సాగనంపడానికి కావలసిన నాలుగు తెలుగు ముక్కలూ వచ్చు, మిగతాదంతా హిందీ. ఈసారి పక్కన కూతురు కూడా ఉంది. బెంగళూరులో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తోంది, రెండు వారాలు సెలవు పెట్టి అమ్మకు సాయంగా వచ్చింది.

మా బావగారు ఆ అమ్మాయిని "మీది నేపాలా?" అని అడిగారు. టిబెట్ అని చెప్పింది. అక్కడి నుంచి ఎప్పుడు వచ్చారని అడిగితే, తాను రాలేదని, కర్ణాటకలో టిబెటన్ల క్యాంపులున్న బైలకుప్పెలో పుట్టానని చెప్పింది. పోనీ మీ అమ్మగారు ఎప్పుడు వచ్చారంటే, అమ్మ కులూ దగ్గర రోడ్డు పక్క గుడారంలో పుట్టిందని చెప్పి, చేతిలో ఉన్న మఫ్లరు మడత పెట్టసాగింది. ఈ ప్రశ్నలు రోజుకు ఎన్నిసార్లు వింటుందో గానీ, ఆ జవాబుల్లో విసుగూ లేదు, ఉత్సాహమూ లేదు.

తిరుగు దారిలో బావగారు రెండు మాటలు అన్నారు. తల్లీ ఇక్కడే పుట్టింది, కూతురూ ఇక్కడే పుట్టింది, ఇంకా టిబెట్ టిబెట్ అంటారేమిటి, ఎప్పటికో ఒకప్పటికి ఉన్న ఊరిని తమదనుకోవాలి కదా అన్నది మొదటిది. రెండో మాట పెట్రోలు బంకు దాటాక వచ్చింది: ఈవిడ కొడుకు కెనడాలో స్థిరపడ్డాడట, ఈ పిల్ల కూడా రేపో మాపో వెళ్ళేదే, వీళ్ళంతా ఇలా వెళ్ళిపోతే ఆ పటంలోని పెద్దాయన ఇన్నేళ్ళు నడిపిన ఉద్యమం గతి ఏమిటి, దేశం మీద ప్రేమ ఇంతేనా అని. ఈ రెండు ఆక్షేపణలూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయని ఆయనకు తట్టలేదు. నాకూ ఇంటికి చేరాక గానీ తట్టలేదు. మరిచిపోకపోవడం తప్పు, మరిచిపోతున్నట్టు కనిపించడమూ తప్పు అయితే ఆ అమ్మాయి ఏం చేయాలి?

ప్రవాసంలో పుట్టిన టిబెటన్ యువతకు తాము చూడని దేశంతో ఉన్న బంధం పెద్దల దగ్గర అరువు తెచ్చుకున్నది కాదని నా అభిప్రాయం. ఎన్నాళ్ళు కాందిశీకులుగా ఉండిపోతారు, ఏ దేశపు పాస్‌పోర్టు తీసుకుంటారు అన్న కొలతలతో దాన్ని తూచడం అన్యాయమని కూడా అనుకుంటున్నాను. ఇలా అనుకోవడంలో నాకు చిక్కులు లేకపోలేదు. వాటినీ దాచకుండా రాస్తాను.

ముందుగా "యువతరం" అన్న మాట సంగతి. 1959 మార్చి 10న లాసాలో తిరుగుబాటు, అదే నెల 31న దలైలామా సరిహద్దు దాటడం, ఆయన వెనక దాదాపు 80 వేల మంది రావడం అందరికీ తెలిసినవే. వాళ్ళలో చాలామంది హిమాలయాల్లో రోడ్డు పనుల కూలీలుగా బతికారు, ఆ గుడారాల్లోనే పిల్లల్ని కన్నారు. మా అమలా అలా 1964లో పుట్టింది. అంటే "టిబెట్‌ను చూడని మొదటి తరం" ఇప్పుడు స్వెటర్ల బల్ల వెనక కళ్ళజోడు సవరించుకుంటూ కూర్చున్న ఈవిడే. తనకు ఇరవై ఏళ్ళున్నప్పుడు క్యాంపులో పెద్దవాళ్ళు, హిందీ సినిమాలు చూసి చెడిపోయిన ఈ పిల్లలతో దేశం వస్తుందా అని గొణిగేవారని ఆవిడే నవ్వుతూ చెప్పింది. ఇప్పుడు అదే గొణుగుడు తాను కూతురి మీద గొణుగుతోంది. ఆరు దశాబ్దాలుగా "ఈ తరంతో ఆఖరు" అంటూనే ఉన్నారు, ఆఖరు మాత్రం కాలేదు.

ధాన్యకటకం అనే పేరు

చూడని ఊరిని మనసులో పెట్టుకోవడం అబద్ధమనేవాళ్ళకు నేను అమరావతి సంగతి చెబుతాను. 2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్ర అనే బౌద్ధ తంత్ర దీక్ష ఇచ్చినప్పుడు నేను గుంటూరు నుంచి ఒక రోజు వెళ్ళాను. మన అమరావతి అప్పటికి చిన్న ఊరు. వీధుల నిండా జపమాలలు, వెన్న టీ వాసన, గుడారాలు, మన బడ్డీ కొట్లలో ఇడ్లీ కోసం వరుసలో నిలబడ్డ ఎర్ర వస్త్రాల సన్యాసులు. పాత స్తూపం దగ్గర ఒక ముసలావిడ గుప్పెడు మట్టి తీసి చేతిగుడ్డలో మూట కట్టుకుంది. ఆ మట్టి మీద నేను చిన్నప్పుడు బడి పిల్లలతో కలిసి వేరుశనక్కాయ పొట్టు పారేసి వచ్చినవాణ్ణి.

బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ధాన్యకటకంలో, అంటే ఈ అమరావతిలోనే, బోధించాడని వాళ్ళ సంప్రదాయం. లాసా పక్కన 1416లో కట్టిన డ్రెపుంగ్ మఠానికి ఆ పేరు ఇక్కడి నుంచే వెళ్ళింది. డ్రెపుంగ్ అంటే వడ్ల రాశి, ధాన్యకటకానికి టిబెటన్ అనువాదం. కృష్ణ ఒడ్డును కంటితో చూడని సన్యాసులు ఐదు వందల ఏళ్ళకు పైగా ఆ పేరును మోశారు. చైనా సైన్యం వచ్చాక వాళ్ళలో కొందరు ప్రాణాలతో బయటపడి, కర్ణాటకలోని ముండ్‌గోడ్‌లో మళ్ళీ ఒక డ్రెపుంగ్ కట్టుకున్నారు. మన వడ్ల రాశి లాసాకు వెళ్ళి, అక్కడి నుంచి తరిమివేయబడి, మళ్ళీ దక్షిణాదికి వచ్చింది. ఆ పేరు ఎవరిదో తేల్చమంటే నాకు చేతకాదు.

ఈ పోలికకు ఒక హద్దు ఉందని ఒప్పుకోవాలి. ధాన్యకటకాన్ని తమకు ఇమ్మని డ్రెపుంగ్ సన్యాసులు ఎవరినీ అడగలేదు. పుణ్యక్షేత్రం మీద భక్తి వేరు, దేశం మీద హక్కు వేరు. ఆ అమ్మాయి అడుగుతున్నది రెండోది. అయినా నేను ఇక్కడ తేల్చదలచింది హక్కు గురించి కాదు, నిజాయితీ గురించి. కంటితో చూడకపోయినంత మాత్రాన బంధం నటన అయిపోదని ఒప్పుకుంటే చాలు.

బుధవారం డబ్బా

బంధం ఉందనుకుందాం. దేనితో బంధం? ఇది నాకు ఆ అమ్మాయి చెప్పిన హాస్టలు కథతో గానీ అర్థం కాలేదు.

నర్సింగు చదివే రోజుల్లో ఆమె గదిలో ఇంకో టిబెటన్ అమ్మాయి ఉండేది. ఆ పిల్ల తొమ్మిదేళ్ళ వయసులో, తల్లిదండ్రులను టిబెట్‌లోని ఆమ్దో ప్రాంతంలో వదిలి, దళారి వెంట కొండలు దాటి నేపాల్ మీదుగా వచ్చింది. అలా వచ్చినవాళ్ళను "సంజోర్" అంటారు, కొత్తగా చేరినవాళ్ళని అర్థం. క్యాంపుల్లో పుట్టినవాళ్ళు "షిచాక్" వాళ్ళు. బయటివాళ్ళకు ఇద్దరూ టిబెటన్లే గానీ, ఇద్దరి మధ్య మనం ఊహించనంత దూరం ఉంటుంది. సంజోర్ పిల్ల ఫోనును చైనా మాటలో "షౌజి" అనేది, చైనా పాటలు వినేది. బైలకుప్పె పిల్ల కూరగాయలను "సబ్జీ" అనేది, హిందీ పాటలు వినేది. నీదేం టిబెటన్ భాష అని ఈమె, నువ్వు టిబెట్ మొహమైనా చూశావా అని ఆమె. ఒకసారి ఇద్దరూ పది రోజులు మాట్లాడుకోలేదట. బయటివాళ్ళు అడిగే "మీది నేపాలా" కంటే, సొంత మనుషులు అడిగే "నువ్వు అసలు టిబెటన్‌వేనా" ఎక్కువ గుచ్చుకుంటుందని ఆమె అంది.

ఆ తగవు తీరిన తీరు నాకు నచ్చింది. 2008లో టిబెట్ అంతటా నిరసనలు చెలరేగి అణిగిపోయాక, అక్కడ సామాన్యులు "ల్హాకర్" అనే ఆచారం మొదలుపెట్టారు. దలైలామాకు విశేషమైన దినమని బుధవారం నాడు టిబెటన్ బట్టలే కట్టడం, టిబెటన్ తిండే తినడం, చైనా మాట కలవకుండా మాట్లాడడం. ఊరేగింపులు తీస్తే జైలు, నినాదమిస్తే జైలు అయిన చోట, నోట్లోని మాటను శుభ్రం చేసుకోవడమే వాళ్ళకు మిగిలిన పని అయింది. ప్రవాసంలోని యువత దీన్ని అక్కడి నుంచి నేర్చుకుంది. ఈ ఇద్దరు అమ్మాయిలు కిటికీ మీద ఒక హార్లిక్స్ డబ్బా పెట్టారు. బుధవారం నాడు చైనా మాట దొర్లితే పది రూపాయలు, హిందీ మాట దొర్లితే పది రూపాయలు. ఇంగ్లీషుకు ఐదే, ఎందుకంటే పుస్తకాలన్నీ ఇంగ్లీషువి, దానికీ పది పెడితే ఇద్దరూ దివాలా తీస్తారు. మొదటి నెలలో షిచాక్ పిల్లే ఎక్కువ కట్టింది. ఫోనును "ఖపర్" అనాలని సంజోర్ పిల్లకు ఈమె నేర్పితే, గొర్రెల వయసును బట్టి వాటిని వేరు వేరు పేర్లతో పిలవాలని ఆమె ఈమెకు నేర్పింది. డబ్బా నిండితే మోమోలు.

ఇది పిల్లల ఆట అనిపించవచ్చు. అయితే సరిహద్దుకు అవతల ఇదే పని ఎంతకు పడుతుందో చూడండి. టిబెటన్ పిల్లలకు బడిలో టిబెటన్ భాష నేర్పాలని ఒక అమెరికా పత్రిక వీడియోలో మాట్లాడిన తాషి వాంగ్‌చుక్ అనే దుకాణదారును 2016 జనవరిలో పట్టుకుపోయి, వేర్పాటును రెచ్చగొట్టాడని ఐదేళ్ళ శిక్ష వేశారు. దాదాపు పది లక్షల మంది టిబెటన్ పిల్లలు ఇళ్ళకు దూరంగా, చైనా భాషలో నడిచే ప్రభుత్వ వసతి బడుల్లో ఉన్నారని 2023 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి నిపుణులు ఆందోళన వెలిబుచ్చారు. అక్కడ బడి నుంచి భాషను తీసేస్తున్నప్పుడు ఇక్కడి హాస్టలు గదిలో ఇద్దరు అమ్మాయిలు దానికి పది రూపాయల చొప్పున విలువ కట్టడం నాకు చిన్న పనిగా తోచదు. ఊరేగింపులో జెండా పట్టుకున్న ఫోటోను చూసి ఉద్యమాన్ని కొలిచేవాళ్ళకు ఈ డబ్బా కనిపించదు.

అన్నట్టు, ఆ సంజోర్ పిల్ల ఆమ్దోలోని తల్లితో వీచాట్‌లో మాట్లాడేది. రాజకీయం ఊసెత్తేది కాదు. అవతలివాళ్ళ ఇంటికి పోలీసులు వస్తారని భయం. తిన్నావా, జడల బర్రెలు ఎలా ఉన్నాయి, మంచు పడిందా, అంతే. 2020 జూన్ 29న గల్వాన్ ఘర్షణ తరువాత మన ప్రభుత్వం నిషేధించిన 59 చైనా యాప్‌లలో వీచాట్ ఒకటి. టిక్‌టాక్ పోయిందని మనం జోకులు వేసుకున్నాము. చైనాకు బుద్ధి చెప్పాలని తీసుకున్న ఆ నిర్ణయం ముందుగా తగిలినవాళ్ళలో చైనా వల్ల ఇల్లు పోగొట్టుకున్న పిల్లలు ఉన్నారని నాకు పోయిన డిసెంబరు దాకా తెలియదు. నిషేధం తప్పనను, దాని వెనక కారణాలు వేరు. తెలియకపోవడం మాత్రం నా తప్పే.

పోలీసు స్టేషనులో కాగితం

ఇక బావగారి రెండో మాట. పాస్‌పోర్టు.

మన దేశంలోని టిబెటన్ల దగ్గర ఉండేది ఆర్‌సీ, అంటే విదేశీయుడిగా నమోదు చేసుకున్నట్టు ఇచ్చే కాగితం. దాన్ని గడువు తీరినప్పుడల్లా పోలీసుల దగ్గరకు వెళ్ళి పొడిగించుకోవాలి. విదేశాలకు వెళ్ళాలంటే పాస్‌పోర్టు బదులు పసుపు రంగు గుర్తింపు పుస్తకం. మన పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1 లోపు ఈ గడ్డ మీద పుట్టినవారు పుట్టుకతోనే భారత పౌరులు. ఇది టిబెటన్లకూ వర్తిస్తుందని ఢిల్లీ హైకోర్టు 2010లో తీర్పు చెప్పింది. తల్లిదండ్రులిద్దరూ టిబెట్‌లో పుట్టినవారైతే, 1986లో పుట్టిన అక్క పౌరురాలు, 1988లో పుట్టిన తమ్ముడు విదేశీయుడు అవుతారన్నమాట. కోర్టుల చుట్టూ ఇంకొన్నాళ్ళు తిరిగాక 2017లో పాస్‌పోర్టులు ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకుంది గానీ, ఆర్‌సీ వదులుకోవాలి, టిబెటన్ క్యాంపులో నివాసం ఉండకూడదు, కాందిశీకులకు దక్కే సౌకర్యాలు వదులుకోవాలి అని మెలికలు పెట్టింది.

1964లో కులూ దగ్గర పుట్టిన మా అమలా, ఈ లెక్కన, నాలాగే పుట్టుకతో భారత పౌరురాలు. ఆవిడ చేతిలో ఉన్నది మాత్రం విదేశీయురాలినని చెప్పే కాగితం. ఎందుకు తీసుకోలేదని అడిగాను. ఆవిడ మొదట ఇల్లు అంది; క్యాంపు భూమి కౌలుది, బయటికి పొమ్మంటే ఎక్కడికి పోవాలి. కాసేపు ఆగి, "మేము తిరిగి వెళ్ళేవాళ్ళం కదా" అంది. ఆ రెండు కారణాల్లో ఏది అసలుదో నేను అడగలేదు, ఆవిడకైనా తెలుసో లేదో.

వాళ్ళలో వాళ్ళకే ఈ విషయంలో ఏకాభిప్రాయం లేదు. అందరూ పౌరసత్వం తీసేసుకుంటే ఇక శరణార్థి అనేవాడు మిగలడు, శరణార్థి లేకపోతే సమస్యే లేదని బీజింగ్ అంటుంది అన్నది ఒక వాదం. తీసిపారేయదగిన వాదం కాదు. దేశం లేకపోవడాన్నే ఆయుధంగా చేసుకున్నవాళ్ళు ఉన్నారు. టిబెటన్ కవి, ఉద్యమకారుడు తెన్‌జిన్ త్సుండుయే 2002లో ముంబైలో చైనా ప్రధాని బస చేసిన హోటలుకు కట్టిన సారువ ఎక్కి బ్యానరు వేలాడదీశాడు. 2005లో బెంగళూరు ఐఐఎస్‌సీలో ఇంకో చైనా ప్రధాని వచ్చినప్పుడు మళ్ళీ అదే పని చేశాడు. నుదుటికి ఎర్ర గుడ్డ కట్టుకుని తిరిగే ఆ మనిషికి ఏ దేశపు పాస్‌పోర్టు ఉన్నా ఆ చిత్రానికి అంత బరువు ఉండేది కాదేమో.

అయినా ఆ వాదం నాకు మింగుడు పడదు. త్సుండుయే తన మట్టుకు తాను ఎంచుకున్న బతుకు అది. ఒక నర్సును, ఒక డ్రైవరును, ఒక కాల్‌సెంటరు ఉద్యోగిని కాగితం లేకుండా ఉండిపొమ్మని, ఆ లేమి కళ్ళబడేలా ఉంటేనే ఉద్యమం బతుకుతుందని చెప్పే హక్కు ఎవరికీ లేదు, రేషను కార్డు నుంచి పాస్‌పోర్టు దాకా అన్నీ జేబులో పెట్టుకున్న నాలాంటివాడికి అసలే లేదు. పోనీ ఉద్యమం లాభం లెక్క చూసినా, కాగితం ఉన్నవాళ్ళు చేసిన పని తక్కువేమీ కాదు. చెమి ల్హామో భారతదేశంలో పుట్టి చిన్నప్పుడే కెనడా వెళ్ళిన అమ్మాయి. 2019లో టొరంటోలో ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో విద్యార్థి సంఘం అధ్యక్షురాలిగా గెలిచినందుకు, టిబెట్ గురించి మాట్లాడుతుందని వేల సంఖ్యలో తిట్లు, బెదిరింపులు అందుకుంది. 2021 అక్టోబరులో బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్ కోసం గ్రీసులో జ్యోతి వెలిగిస్తుంటే అడ్డుపడినవాళ్ళలో ఆమె ఉంది. పౌరసత్వం ఆమె నోరు కట్టలేదు. అమెరికాలో టిబెట్ వివాదంపై చర్చలు జరగాలని కోరే చట్టం మీద 2024 జూలై 12న అధ్యక్షుడు సంతకం చేయడం వెనక, తమ ప్రతినిధుల కార్యాలయాల తలుపులు తట్టిన టిబెటన్ అమెరికన్ ఓటర్ల ఓపిక ఉంది. ఓటు ఉన్నవాడి మాట వినడం ప్రజాప్రతినిధులకు అలవాటు, ఓటు లేనివాడి మీద జాలి పడడం అలవాటు.

"ఉన్న ఊరిని తమదనుకోవాలి కదా" అన్న మొదటి మాటకు కూడా ఇక్కడే జవాబు ఉంది. 1962 నవంబరులో యుద్ధం నడుస్తుండగా టిబెటన్లతో మొదలైన రహస్య దళం 1971లో చిట్టగాంగ్ కొండల్లో మన తరఫున పోరాడింది. 2020లో ఆ దళానికి చెందిన న్యిమా తెన్‌జిన్ పాంగాంగ్ సరస్సు దగ్గర మందుపాతర పేలి చనిపోతే, లేహ్‌లో ఆయన శవపేటిక మీద రెండు జెండాలు కప్పారు, త్రివర్ణ పతాకం ఒకటి, మంచు సింహాల టిబెట్ జెండా ఒకటి. ఆ రెండింటిలో ఏదో ఒకటే ఎంచుకోవాలని పేటికలో ఉన్న మనిషిని ఎవరూ అడగలేదు.

తాళాలు

ఇప్పుడు నన్ను తొలిచే సంగతికి వస్తాను.

మూడేళ్ళ కిందట కూర్గు నుంచి వస్తూ, అందరూ ఆగినట్టే, మేమూ బైలకుప్పెలో బంగారు గుడి చూడడానికి ఆగాము. పిల్లలు మోమోల కోసం వెళ్ళారు, నేను ఒక క్యాంపు దారి పట్టుకుని నడిచాను. 1960–61లో అడవి కొట్టుకుని, ఏనుగులతో వేగుతూ వేసిన పొలాలు. మొక్కజొన్న అప్పుడే కోశారు. జెండాలు కట్టిన మంచి ఇళ్ళు, గేట్లకు తాళాలు. పది ఇళ్ళు దాటితే మూడింటికో నాలుగింటికో తాళం ఉంది. అరుగు మీద జపచక్రం తిప్పుతున్న ఒక తాత, పిల్లలంతా న్యూయార్కు, టొరంటో, బెల్జియం అని వేళ్ళు మడిచాడు. వాళ్ళ ప్రవాస ప్రభుత్వం 2009లో తీసిన లెక్కలో ప్రవాస టిబెటన్లు 1,27,935 మంది, అందులో భారతదేశంలో 94,203 మంది. అప్పటి నుంచి ఇక్కడి సంఖ్య పడిపోతూనే ఉంది. 2008కి ముందు ఏడాదికి రెండు మూడు వేల మంది కొండలు దాటి వచ్చేవారు. ఆ తరువాత సరిహద్దు బిగుసుకుని ఇప్పుడు వచ్చేవాళ్ళు వేళ్ళ మీద లెక్క. ఇటు నుంచి వెళ్ళేవాళ్ళు ఎక్కువ, అటు నుంచి వచ్చేవాళ్ళు లేరు. బడుల్లో పిల్లలు చాలక కొన్నింటిని మూసేశారు, కొన్నింటిని కలిపేశారు. 1960లో జమ్ము నుంచి తెచ్చిన 51 మంది పిల్లలతో ధర్మశాలలో మొదలై అంత పెద్దదైన టిబెటన్ బాలల గ్రామం కథ తెలిసినవాళ్ళకు ఇది బాధ కలిగించే సంగతి.

నేను చెప్పిన బుధవారం డబ్బా నడవాలంటే గదిలో ఇద్దరుండాలి. ఒక్కతే ఉన్న చోట, అంటే టొరంటోలో రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చిన నర్సు ఇంట్లో, డబ్బాలో డబ్బు వేసేదెవరు, వేయించేదెవరు? భాష మనుషులు ఒకచోట ఉంటే బతుకుతుంది. క్యాంపులు కట్టినవాళ్ళు ఆ సంగతి బాగా తెలిసి కట్టారు. పాస్‌పోర్టు ద్రోహం కాదని నేను ఎంత గట్టిగా అన్నా, ఒక్కొక్కరు న్యాయంగా తీసుకున్న నిర్ణయాలన్నీ కూడితే మొత్తం మీద ఒక నష్టం తేలవచ్చు. అలా తేలిన నష్టానికి ఎవరినీ తప్పుపట్టలేం, అందుకే దాన్ని ఆపడమూ కష్టం.

మా చెల్లెలి పిల్లలు డల్లాసులో శని, ఆదివారాలు తెలుగు బడికి వెళతారు. గుణింతాలు వచ్చు, పద్యాలు రెండు వచ్చు, వాళ్ళ నాయనమ్మతో ఫోనులో మాట్లాడమంటే ఇంగ్లీషులో గొణుగుతారు. మన భాష మీద ఏ సైన్యమూ రాలేదు, ఎవరూ జైలుకు వెళ్ళలేదు, అయినా ఒక్క తరంలో అంత జారిపోయింది. వాళ్ళకు తెలుగు రాకపోయినా ఖమ్మంలోనో కాకినాడలోనో తెలుగు ఉంటుందన్న ధీమా మనకుంది. ఆ ధీమా టిబెటన్లకు లేదు, అందుకే వాళ్ళు మనకంటే గట్టిగా పట్టుకుంటారని నేను వాదించగలను. ధీమా లేకపోవడం వల్లే ముందుగా నిరాశ పడతారని కూడా అంతే తేలిగ్గా వాదించగలను. నాకు మొదటిది నిజం కావాలని ఉంది, అది వేరే సంగతి.

ఇంకో ప్రశ్న అందరూ అడిగేదే. దలైలామాకు 2025 జూలైలో తొంభై నిండాయి. తన పరంపర కొనసాగుతుందని, తరువాతి దలైలామాను గుర్తించే అధికారం తన ట్రస్టుదేనని ఆయన ఆ పుట్టినరోజుకు నాలుగు రోజుల ముందు ప్రకటించారు. చైనా ఒప్పుకోదు, 1995లో ఆయన గుర్తించిన ఆరేళ్ళ పాంచెన్ లామాను, అంటే దలైలామా తరువాత అంతటి గురువును, మూడు రోజులకే మాయం చేసిన ప్రభుత్వం అది. ఆయన తరువాత మీ తరం ఏమవుతుంది అని ఆ అమ్మాయిని అడిగాను. ఆ ప్రశ్న ఆమెకు నచ్చలేదు. ఆయన 2011లోనే రాజకీయ అధికారం వదులుకున్నారని, అప్పటి నుంచి ఓట్లు వేసి ఎన్నుకున్న ఇద్దరు సిక్యోంగ్‌లూ, అంటే ప్రవాస ప్రభుత్వాధినేతలూ, టిబెట్‌ను చూడనివాళ్ళేనని, ఒకరు డార్జిలింగ్‌లో పుడితే ఇంకొకరు తమ బైలకుప్పెలోనే పుట్టారని గుర్తుచేసింది. 2021 ఎన్నికల్లో ప్రపంచమంతా చెదిరి ఉన్న 80 వేల పైచిలుకు ఓటర్లలో నాలుగింట మూడు వంతులకు పైగా ఓటు వేశారు. మా కాలనీలో కార్పొరేటరు ఎన్నికకు ఎంతమంది వెళ్ళారో తలచుకుని నేను ఊరుకున్నాను. స్వాతంత్ర్యమే కావాలనే "రాంగ్‌జెన్" వైపా, చైనాలోనే ఉంటూ నిజమైన స్వయంపాలన చాలనే మధ్యేమార్గం వైపా అని కూడా అడిగాను. "అమ్మ ముందు మధ్యేమార్గం" అని నవ్వింది.

జనవరి మధ్యలో, బావగారికి బిగుతైన స్వెటరు మార్చడానికి మళ్ళీ వెళ్ళాను. సీజను ఆఖరు. సగం దుకాణాలు మూటలు కట్టేశారు. కూతురు బెంగళూరు వెళ్ళిపోయింది. అమలా ఒక్కతే ఉంది, ఫోను నా చేతిలో పెట్టి ఇంగ్లీషులో ఏముందో చదవమంది. కెనడా పాస్‌పోర్టు తీసుకున్న కొడుకు పన్నెండేళ్ళ తరువాత లోసార్ పండుగకు, అంటే వాళ్ళ కొత్త సంవత్సరానికి, వస్తున్నాడు. టిబెటన్ క్యాంపుల్లో విదేశీయులు రాత్రి ఉండాలంటే ప్రత్యేక అనుమతి కావాలి, ఆ దరఖాస్తు అది. పేరు, పాస్‌పోర్టు నంబరు, ఎన్ని రోజులు, ఎవరింట్లో బస. అన్నీ నింపి ఉన్నాయి. రాకకు కారణం అన్న గడి దగ్గర కొడుకు "పర్యటన" అని రాశాడు. దాని అర్థం హిందీలో చెప్పాను.

"ఘూమ్‌నే?" అని ఆవిడ ఇంకోసారి అడిగింది. ఫోను తీసుకుని ఆ గడిని దగ్గరగా పెట్టుకుని చూసింది. ఈలోగా ఎవరో వచ్చి చిన్నపిల్లల టోపీ ఎంతని అడిగితే, "నూట ఎనభై, ఒకే ధర" అని తెలుగులో చెప్పి, వేరే రంగు తీయడానికి స్టూలు ఎక్కింది.